గుంటరాయి బావ, బొజ్జరాయి బావమరిది

కాళహస్తయ్య ఉన్నాడే, ఆయన వడ్రంగి. ఏటిగట్టుపాలెంలో పడమటి సందులో ఇల్లు. చెయ్యి తిరిగినోడే, కాదనను, కానీ మొండితనం ఎట్టాంటిదంటే ఆ ఊళ్లో దున్నపోతులు ఆయన్ని చూసి నేర్చుకునేవంట. ఎర్రటి ఎండలో నిలబడి పొరపాటున "వాన పడేట్టుంది" అన్నాడనుకో, ఇంక ఆ మాట దిగడు. గొడుగు తెప్పించుకుంటాడు. సాయంత్రం దాకా ఆ గొడుగు కిందే కూర్చొని చిత్రిక పడతాడు. ఎవరన్నా నవ్వితే "మీరు తడుస్తన్నారు, చూసుకోండి" అంటాడు. అట్టాంటోడు. ఆయనకి ఒక సానరాయి ఉంది. తాత నూరాడు, నాయన నూరాడు, ఈయన నూరతన్నాడు. మీలో ఎవరన్నా ఉలి నూరారా? నూరకపోతే వినండి. సానరాయి కొత్తలో పలకలాగా చదునుగా ఉంటది. నీళ్లు చిలకరించి, ఉలి ఆనించి, ఇటూ అటూ లాగుతాం. చెయ్యి యాడ తిరిగిద్ది? నడిమధ్యలో తిరిగిద్ది. అంచుల దాకా పోవాలంటే బద్ధకం కదా. రాయి ఇనుముకి పదును పెడతంటే ఇనుము రాయిని తింటా ఉంటది. తినగా తినగా ఏమైందంటే, మధ్యలో గుంట పడింది. ఎంత గుంట? పొద్దున్నే నీళ్లు పోస్తే పిచ్చికలు వచ్చి అందులో తానం చేసి పోయేవంట. అయినా ఆయన దాన్ని రుద్ది చదును చేసుకోడు. అడిగితే "అది గుంట కాదయ్యా, మా తాత చెయ్యి" అంటాడు.

ఇప్పుడు గుంటరాయి మీద నూరిన ఉలి ఎట్టుంటది? అంచు పొట్టలాగా ముందుకొస్తది. ఆ ఉలిని చిత్రికలో పెట్టి చెక్క మీద తోస్తే? చెక్క దోనెలాగా లోపలికి పోయిద్ది. కాళహస్తయ్య పీట చేసిచ్చాడనుకో, దాని మీద కూర్చున్నోడు దిగబడతాడు, చెయ్యిచ్చి లేపాల. మంచం మీద మొగుడూ పెళ్లాం చెరో పక్కన పడుకుంటే తెల్లారేసరికి ఇద్దరూ నడుమకి జారి ఒకరి మీద ఒకరు ఉండేవాళ్లంట. నవ్వబాకమ్మా సీతాలూ, ఆ ఊళ్లో పిల్లలు ఎక్కువ, అందుకే. దానికి ఎవరూ బాధపడలేదు కూడా.

ఆయన బావమరిది ఒకడున్నాడు, నాగలింగం. అదే సందులో ఎదురిల్లు. వాడూ వడ్రంగే. వాడు బావ రాయిని చూసి చూసి, "ఛీ, నేను ఇట్టా చెయ్యను, నా రాయికి గుంట పడనియ్యను" అని ఒట్టు పెట్టుకున్నాడంట. పెట్టుకొని ఏం చేశాడు? నడుమ ఉలి ఆనిస్తేనే కదా గుంట పడేది, అసలు నడుమ ముట్టుకోనే ముట్టుకోను అని అంచుల మీదే నూరాడు. ఏళ్ల తరబడి అంచుల మీదే. అంచులు అరిగిపోయి నడుమ బొజ్జలాగా పైకొచ్చింది. వాడి ఉలి అంచు లోపలికి వంగింది, వాడి చెక్కలు పైకి ఉబ్బినాయి. వాడు చేసిన పీట మీద కూర్చుంటే బొంగరం మీద కూర్చున్నట్టే, పట్టుకోను ఏదన్నా ఆసరా ఉండాల. ఊళ్లోవాళ్లు ఆయన్ని గుంటరాయి అనీ, వీణ్ని బొజ్జరాయి అనీ పిలిచేవాళ్లు. ఎదురుగా కాదు, వెనకాల.

సరే, కాళహస్తయ్య పెళ్లాం భ్రమరాంబ. నాగలింగానికి అక్క. ఓర్పు గల మనిషి. మొగుడు చేసిన రొట్టెలపీట మీద జొన్నరొట్టె తడితే అది మూకుడులాగా వచ్చేది, అయినా ఏమనేది కాదు, అందులోనే పప్పు పోసి పెట్టేది. ఏమైందంటే, ఒకరోజు ఇంటికి కొత్త తలుపు పెట్టాడు కాళహస్తయ్య. తలుపు వేస్తే పైనా కిందా తగులుతది, నడుమ వెలితి. ఎంత వెలితి? కుక్క తల పట్టేంత. పట్టింది కూడా. భ్రమరాంబ గారెలు వండి గంపలో పెట్టి పెరట్లోకి పోయి వచ్చేసరికి, ఊరకుక్క వాకిట్లో నిలబడే ఉంది, తల మాత్రం ఇంట్లో ఉంది, గారెలు తింటంది. కాళహస్తయ్య అరుగు మీదే కూర్చొని ఉలి నూరుకుంటన్నాడు.

"ఏమయ్యా, కుక్క గారెలు తింటంటే చూస్తా కూర్చున్నావా?" అందంట.

"నాకు యాడ కనపడింది, తలుపు వేసుంది కదా" అన్నాడంట.

"తలుపు వేస్తే కుక్క ఎట్టా దూరిందయ్యా?"

"దూరలేదే. అదుగో బయటే ఉంది. తోక చూడు."

ఆమె తోక చూసింది, మొగుణ్ణి చూసింది, ఆ రాయిని చూసింది. "ఈ తలుపుదా తప్పు, కుక్కదా? ఆ రాయిది! దాని గుంట పూడ్చి, చదును చేసి, సరైన చెక్క చెయ్యి. అప్పటిదాకా నేను నీ గడప తొక్కను" అని చీరెలు మూట కట్టింది, ఊరగాయ జాడీ చంకనెత్తుకుంది, పుట్టింటికి పోతన్నా అంది. పుట్టిల్లు ఏదీ, ఎదురిల్లే. సందు దాటింది, వెళ్లిపోయింది. ఊరంతా చూసింది. కాళహస్తయ్య మాత్రం తల ఎత్తకుండా "పోనీ, నాకేంది" అని ఉలి నూరతానే ఉన్నాడంట. ఉలి మొత్తం అరిగి పిడి మిగిలిందాకా నూరాడు. చూసుకోలేదు పాపం.

మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు అన్నం మాడింది. మూడో రోజు నుంచి ఊరగాయ గుర్తుకొచ్చింది. మాగాయ పెట్టడంలో భ్రమరాంబని మించినోళ్లు లేరు, ఆ జాడీ ఇప్పుడు ఎదురింటి అటక మీద ఉంది. వాసన వస్తంది, ముక్క రాదు. పైగా ఎదురిల్లు కదా, మనిషి కనపడతానే ఉంటది. పొద్దున్నే ముగ్గేస్తది, నడుం వంచి. తల ఆరబెట్టుకుంటది. తమ్ముడి పెళ్లాంతో ఏదో చెప్పి గలగలా నవ్వుతది. ఆ నవ్వు విన్నప్పుడల్లా కాళహస్తయ్య కట్టె చెక్కే బాడిస గురి తప్పి కింద మొద్దు మీద పడేది. పిలవచ్చు కదా అంటారా? పిలిస్తే కాళహస్తయ్య ఎట్టా అవుతాడు? ఆయన కుక్కతో మాట్లాడేవాడంట, ఆ గారెలు తిన్న కుక్కతోనే. అరుగు మీద నిలబడి సందంతా వినపడేట్టు, "ఏమే కుక్కా, కొందరికి కాపరం కన్నా తలుపు ముఖ్యమంట, విన్నావా?" అనేవాడు. అవతల భ్రమరాంబ తమ్ముడి గేదెకి కుడితి పెడతా, "ఏమే గేదే, కొందరికి పెళ్లాం కన్నా రాయి ముఖ్యమంటలే, నువ్వు తాగు" అనేది. "కుక్కా, రాయి మా తాతది అని చెప్పు!" "గేదే, తాత వచ్చి అన్నం వండి పెడతాడేమో అడుగు!" ఇట్టా పొద్దుగూకిందాకా. గేదెకి కుడితి ఎక్కువై బలిసింది. కుక్కకి మాత్రం ఏమీ లేదు, వినీ వినీ చిక్కిపోయింది.

ఇది చూడలేక ఊరి పెద్ద పెదకాపు ఇద్దరు వడ్రంగుల్నీ పిలిపించాడంట. ఎందుకంటే ఊరి పని ఆగిపోయింది. అక్క వచ్చి నాగలింగం ఇంట్లో ఉండేసరికి వాణ్ణి కూడా వదిలిపెట్టలేదు, "నీ బొజ్జరాయి మాత్రం ఏం గొప్ప" అని రోజూ తిడతంది, వాడు పని చెయ్యడం మానేశాడు. పెదకాపు అన్నాడంట, "ఏం ఆచారీ, ఆ రాయి కాస్త రుద్దుకుంటే నీ సొమ్మేం పోయిద్ది?" అని. కాళహస్తయ్య ఏమన్నాడంటే, "అయ్యా, దసరాకి ఆ రాయికి పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతాం. బొట్టు పెట్టాక అది దేవుడు. దేవుడి వీపు ఇసక పోసి గీకమంటారా? మా కులంలో లేదు." నాగలింగం కూడా, "అవునయ్యా, బావ చెప్పింది నిజం, లేదు" అన్నాడు. వాళ్లిద్దరికీ పొత్తు కుదిరిన మాట అదొక్కటే.

పెదకాపు గడ్డం గోక్కున్నాడు. తెలివైనోడు. "మనిషి గీకితే తప్పు. ఒక దేవుడు ఇంకో దేవుడి వీపు రుద్దితే?" అన్నాడు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "తానం చేసేటప్పుడు వీపు అందదు కదా, పక్కోడు రుద్దడా? మీ ఇద్దరి రాళ్లకీ బొట్టు ఉంది. ఒకదాని మీద ఒకటి పెట్టి రుద్దండి. తప్పేముంది, దేవుళ్ల తానం అనుకోండి." ఇద్దరూ లేచిపోయి రాళ్లు తెచ్చారు.

అయితే పైన ఎవరి రాయి ఉండాల? ఆ తగువుతో వారం గడిచిపోయింది. చివరికి పెదకాపు, "బావ పెద్దోడు, బావ రాయి పైన" అని తేల్చాడు. ఏటి ఇసక తెచ్చారు, నీళ్లు తెచ్చారు, బావా బావమరిదీ ఎదురెదురు కూర్చొని గరగరా గరగరా రుద్దడం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా కూర్చొని చూసింది. అసలే ఒకటి గుంట, ఒకటి బొజ్జ. గుంటలో బొజ్జ కూర్చుంది. రుద్దే కొద్దీ ఇంకా బాగా కూర్చుంది. కొన్నాళ్లకి ఎట్టా కూర్చుందంటే, పెదకాపు తన మీసంలో వెంట్రుక ఒకటి పీకి రెండు రాళ్ల మధ్య దూర్చి చూశాడు, దూరలేదు. చీమని వదిలారు, చీమ చుట్టూ తిరిగి తిరిగి ఇంటికి పోయింది. "చదును!" అన్నాడు పెదకాపు. "చదును! చదును!" అని ఊరంతా అరిచింది. డప్పు కొట్టారు. కాళహస్తయ్య ఆ సంబరంలో ఆ రాయి మీద ఉలి నూరి, మంచి తుమ్మచెక్క ఏరి, ఒక రొట్టెలపీట చేసి, స్వయంగా సందు దాటి వాకిట్లో పెట్టి వచ్చాడంట. ఆయనకి అదే చాలా ఎక్కువ.

భ్రమరాంబ మనసు కరిగింది. మూట సర్దింది. పోయేముందు ఒక్క రొట్టె తట్టి చూద్దాం అనుకుంది. పిండి పీట మీద పెట్టి తట్టింది. తడతంటే తడతంటే చెయ్యి లోపలికి పోతంది. తీసి చూస్తే రొట్టె కాదు, గంగాళం! మునుపన్నా మూకుడు, ఇప్పుడు గంగాళం. ఆమె ఆ రొట్టెని తలకి పెట్టుకొని టోపీలాగా, వాకిట్లోకి వచ్చి నిలబడిందంట. "గేదే, చదును చూశావా?" అంది. మూట మళ్లీ లోపల పెట్టేసింది.

కాళహస్తయ్యకి దెబ్బ తగిలింది. ఆ రోజు కుక్కతో కూడా మాట్లాడలేదు. రాయిని ఒళ్లో పెట్టుకొని, అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. చీమ దూరలేదే, వెంట్రుక దూరలేదే, ఇద్దరు దేవుళ్లు ఒకరి మీద ఒకరు అతుక్కుపోయారే, ఇంకేం చెయ్యను? ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. మనలో మాట, లోపల ఏడ్చాడంట. బయటికి మాత్రం, "రెండు రాళ్లు ఒక మాట చెబుతంటే ఒక్క రొట్టె మాట నమ్మాలా" అన్నాడు.

ఇంక ఊళ్లో ఏం జరిగిందో వినండి. బావ చెక్కలన్నీ గుంట, బావమరిది చెక్కలన్నీ బొజ్జ, కానీ ఒకదాని మీద ఒకటి పెడితే గాలి దూరదు. జనానికి అది తెలిసిపోయింది. కాళహస్తయ్య దగ్గర పెట్టె చేయించుకుంటే మూత నాగలింగం దగ్గర చేయించుకుంటారు. తలుపు ఈయనది, దానికి ఆనే చట్రం వాడిది. పీట ఇక్కడ కొంటే, కాళ్లు అక్కడ కొంటారు. అన్నీ ఎక్కడికక్కడ బిగుసుకున్నాయి, కుక్క దూరేది లేదు. మెల్లగా ఊళ్లోవాళ్లకి ఏమనిపించిందంటే, మనమే చదును, లోకమే వంకర. గాజుల సెట్టి ఒకడు ఊళ్లోకి వచ్చి గాజుల మలారం దించి అరుగు మీద చెక్కబల్ల పైన గాజులు పరిస్తే, అన్నీ దొర్లి నడుమ కుప్పపడినాయి. ఆయన, "ఏందమ్మా ఈ బల్ల వంకరగా ఉంది" అంటే, ఆడవాళ్లంతా "నీ గాజులు గుండ్రంగా ఉన్నాయి సెట్టీ, మా బల్లకి ఏం రోగం" అని వెళ్లగొట్టారంట. పక్క ఊరి బండి చక్రం ఒకటి బాగుచెయ్యమని వస్తే, కాళహస్తయ్య దాన్ని చూసి, "ఇది ఎవరు చేశార్రా, ఇంత వంకరగా తగలేశారు" అన్నాడంట. చూశారా, అంత దూరం పోయింది.

భ్రమరాంబ ఒక్కతే మాగాయ జాడీ ముందు కూర్చొని ఆలోచన చేస్తంది. ఆమెకి కావలసింది ఏంది? ఇంటికి పోవాల. తమ్ముడి పెళ్లాం ఎంత మంచిదైనా ఎన్నాళ్లని? కాళహస్తయ్య రాత్రిళ్లు అరుగు మీద కూర్చొని ఉత్త మెతుకులు తింటా ఎదురింటి అటక వంక చూడటం ఆమె చూస్తానే ఉంది. కానీ మాట ఇచ్చేసింది కదా, గడప తొక్కనని. ఆమె మాత్రం తక్కువ మొండిదా? ఆ జాడీలో మాగాయ ముక్కల మీద బరువుకి ఒక రాయి ఉంది. వాళ్ల నాయన ఏటి అవతల కొండ నుంచి ఒక బండ తెచ్చి పగలగొట్టి, ఒక ముక్క కొడుక్కి సానరాయి చేసి, ఇంకో ముక్క కూతురు కాపరానికి పోతంటే ఊరగాయ రాయి చేసి ఇచ్చాడు. ఆమె దాన్ని తీసి కడిగి, తమ్ముడు లేనప్పుడు వాడి రాయి మీద పెట్టి చూసింది. టకటకా ఊగింది. మధ్యాన్నం మొగుడు కునుకు తీస్తంటే సందు దాటి, గడప తొక్కకుండా అరుగు మీద ఉన్న ఆయన రాయి మీద పెట్టి చూసింది. అంచుల మీద కూర్చుంది, కింద చీపురుపుల్ల దూరి అటు నుంచి ఇటు వచ్చింది. "అద్గదీ" అనుకుంది. "వీళ్లిద్దరూ ఒకరి వంకర ఒకరు కాపాడుకుంటన్నారు."

పెదకాపు అరుగు మీద మళ్లీ పంచాయతీ పెట్టించింది. అందరి ముందూ రాయి పెట్టి చూపించింది. బావమరిది రాయి మీద ఊగింది, బావ రాయి మీద పుల్ల దూరింది. "ఇప్పుడు చెప్పండి, వంకర ఎవరిది?" అంది. ఇద్దరూ ఒక్క నోటితో, "నీ రాయిదే!" అన్నారంట. పెదకాపు ఆలోచించాడు. "అమ్మాయ్, ఆ రెండు రాళ్లూ ఒకదానితో ఒకటి పొసుగుతన్నాయి. నీది ఎవరితోనూ పొసగడం లేదు. వంకర నీ రాయిదే అని ఊరి నిర్ణయం" అన్నాడు. ఊళ్లోవాళ్లు అవునవును అన్నారు. మొగుడు మీసం మెలేశాడు. ఆమె ఏమన్నా తగువేసుకుందా? లేదు. చేతులు కట్టుకొని, "సరే, ఊరు చెప్పాక కాదంటానా? నా రాయే వంకర. అయితే వంకర తీయండి. మీ ఇద్దరూ పనోళ్లు కదా. నా రాయి మీ రెండింటి మీదా ఊగకుండా, పుల్ల దూరకుండా ఎప్పుడు కూర్చుంటే ఆ పొద్దే నా తప్పు ఒప్పుకొని, మూట ఎత్తుకొని నా ఇంటికి నేను పోతా" అంది.

కాళహస్తయ్య చెవులు రిక్కించాడు. తప్పు ఆమె ఒప్పుకుంటది, మనిషీ ఇంటికొస్తది, జాడీ కూడా వస్తది! ఇంకేం కావాల? అయినా ఒక మెలిక పెట్టాడు, "దానికి బొట్టు లేదు. దేవుడి వీపు మామూలు రాయితో రుద్దను" అని. ఆమె, "ఏటేటా ఊరగాయ పెట్టే రోజున జాడీకీ ఈ రాయికీ పసుపు రాసి బొట్టు పెట్టేది ఎవరనుకున్నావు? నీ దేవుడు ఏడాదికి ఒక్క రోజు తింటాడు, నా దేవుడు ఏడాది పొడుగునా మాగాయలోనే ఉంటాడు" అంది. దానికి పెదకాపు కూడా చేతులు జోడించాడంట.

మొదలుపెట్టారు. కాళహస్తయ్య తన రాయి మీద ఆమె రాయి పెట్టి రుద్దాడు. రుద్ది రుద్ది కూర్చోబెట్టాడు. "చూడండి, వంకర తీశాను" అని బావమరిదికి ఇచ్చాడు. వాడు తన రాయి మీద పెడితే టకటకా ఊగింది. "బావా, చెడగొట్టావు" అని వాడు రుద్దాడు. వాడిది కూర్చోగానే తీసుకొచ్చి బావ రాయి మీద పెడితే మళ్లీ పుల్ల దూరింది. "ఒరే లింగం, బాగున్నదాన్ని పాడుచేసి తెచ్చావు కదరా!" "నేనా? నువ్వా? అసలు నీ రాయి నా రాయితో ఇంకా పొసుగుతందా, చూపించు!" చూస్తే ఏముంది, అదీ పొసగడం లేదు. ఆమె రాయితో రుద్దుకొని రుద్దుకొని అవి రెండూ మారిపోయినాయి. ఇద్దరికీ రోషం వచ్చింది. వాళ్ల రెండూ మళ్లీ రుద్దుకున్నారు. అప్పుడు ఆమెది ఊగింది. దాన్ని ఈయన రుద్దాడు. వాడిది ఊగింది. దాన్ని వాడు రుద్దాడు. పైన ఉన్నది కిందికి, కింద ఉన్నది పైకి. ఆమెది ఈయన దాంతో, ఆమెది వాడి దాంతో, ఈయనది వాడి దాంతో, మళ్లీ మొదటికి. ఒకరినొకరు తిట్టుకుంటా, గరగరా గరగరా. ఇదంతా ఆమె రాయి వంకర తీస్తన్నామనే అనుకుంటన్నారు, చూశారూ! తమ రాళ్లు అరుగుతన్నాయన్న ధ్యాసే లేదు.

ఇంకో తమాషా. ఆ ఊరగాయ రాయి ఏళ్ల తరబడి కారంలో నానింది. రుద్దే కొద్దీ కారం బయటికొచ్చింది. రుద్దే చేత్తోనే మొహం తుడుచుకుంటన్నారు. కళ్లు ఎర్రబడి, ముక్కులు కారి, ఇద్దరూ బొటబొటా ఏడుస్తా రుద్దుతన్నారు. దారిన పోయే ముసలమ్మలు ఆగి, "పాపం, పెళ్లాం కోసం ఎట్టా ఏడుస్తన్నాడో" అని ఈయన్నీ, "అక్క కాపరం కోసం ఎట్టా కుములుతన్నాడో" అని వాణ్ణీ ఓదార్చి, వాళ్లూ కొంగుతో కళ్లొత్తుకొని పోయేవాళ్లంట. ఎదురింటి వాకిట్లో నిలబడి భ్రమరాంబ చూస్తంది. కారమని ఆమెకి తెలుసు. కానీ కాళహస్తయ్య ఒకసారి రాయి ఆపి, కళ్లు తుడుచుకోకుండా ఆమె వంకే చూశాడంట. అప్పుడు మాత్రం ఆమెకి అది కారమో కాదో తెలియలేదు. లోపలికి పోయి గేదెని అనవసరంగా తిట్టింది.

పోనూ పోనూ ఊగడం తగ్గింది. పుల్ల దూరడం మానేసింది. ఇసక చాలదని ఏటి ఒండ్రుమట్టి తెచ్చి రుద్దారు. ఒకరోజు పొద్దున, కాళహస్తయ్య ఆమె రాయిని తన రాయి మీద పెట్టాడు. కూర్చుంది. నాగలింగం లాక్కొని తన దాని మీద పెట్టుకున్నాడు. కూర్చుంది. బావ రాయి బావమరిది రాయి మీద. కూర్చుంది. ఏది దేని మీద పెట్టినా కూర్చుంటంది. రెండు రాళ్లయితే ఒకటి గుంట, ఒకటి బొజ్జ అయి పొసగొచ్చు, మూడూ ఒకదానికొకటి పొసగాలంటే చదునైతేనే కదా. నీళ్లు పోశాడు కాళహస్తయ్య. నీళ్లు రాయంతా ఒకేలాగా పరుచుకున్నాయి. పిచ్చిక ఒకటి అలవాటుకొద్దీ వచ్చి వాలి, గుంట యాడుందో అర్థం కాక అటూ ఇటూ తిరిగి, ఆయన్ని తిట్టి పోయింది. ఆయన ఉలి నూరి, చిత్రికలో బిగించి, పాత రొట్టెలపీటని తిరగేసి పట్టాడు. పొట్టు ఒక్క ముక్కగా, ఉలి అంచంత వెడల్పున, తమలపాకంత పలచగా చుట్టుకుంటా వచ్చింది. అంత పొట్టు ఆయన జన్మలో చూడలేదు. దాన్ని వెలుతురుకి పట్టి చూసి, చుట్ట చుట్టి రొంటిన దోపుకున్నాడంట. తాత చెయ్యి పోయిందని బాధపడ్డాడో, ఇంకేం అనుకున్నాడో, ఆయన ఎవరికీ చెప్పలేదు.

పీట తీసుకొని సందు దాటాడు. ఈసారి వాకిట్లో పెట్టి రాలేదు, నిలబడ్డాడు. భ్రమరాంబ అక్కడే పొయ్యి ముందు కూర్చొని రొట్టె తట్టింది. గుండ్రంగా, పలచగా, చందమామలాగా వచ్చింది. పొంగింది. ఆమె రొట్టె పెనం మీద నుంచి తీసి, "ఏమయ్యా, వంకర ఎవరి రాయిది?" అంది.

"నీదే" అన్నాడు కాళహస్తయ్య.

"పోయిందా?"

"పోగొట్టాను. నేను కాబట్టి పోయింది."

"అవునులే, నాదే వంకర" అంది. ఊరి ముందు ఇచ్చిన మాట కదా, ఒప్పుకుంది. మూట తీసుకుంది. జాడీ మాత్రం ఆయన చంకన పెట్టింది. ఇద్దరూ సందు దాటారు. దాటతంటే కాళహస్తయ్య జాడీలో చెయ్యి పెట్టి ముక్క నోట్లో వేసుకున్నాడంట, ఇల్లు చేరిందాకా కూడా ఆగలేదు. కళ్లమ్మట నీళ్లు. "కారం" అన్నాడు. "ఊఁ" అంది ఆమె.

తర్వాత ఊళ్లో పెద్ద గొడవే అయింది. చదును చెక్కలు వంకర ఊరికి ఎట్టా పొసుగుతాయి? కొత్త మూత పాత పెట్టెకి పట్టదు, కొత్త తలుపు పాత చట్రానికి ఆనదు. "గుంటరాయి చెయ్యి పోయింది, పాపం, వంకరగా చేస్తన్నాడు" అని జాలిపడ్డారంట. మంచాల మీద ఎవరికి వాళ్లు పడుకున్నచోటే తెల్లారేసరికి మొగుళ్లు కొందరు పెదకాపు దగ్గరికి మొరపెట్టుకోను పోయారు కూడా. ఆ సంగతి ఇప్పుడు వద్దులే, పిల్లలున్నారు. మెల్లగా అన్నీ మార్చుకున్నారు.

కానీ ఒకసారి చదును చేస్తే రాయి అట్టే ఉంటదా? ఉండదు. ఈయన మళ్లీ నడుమే నూరతాడు, వాడు మళ్లీ అంచులే నూరతాడు. చెయ్యి అలవాటు ఎక్కడికి పోయిద్ది? ఏడాది తిరిగేసరికి రొట్టె కాస్త వంగేది. రుద్దుకోండయ్యా అంటే రుద్దుకుంటారా? "నా రాయికేం?" "నా రాయికేం?" అంటారు. అప్పుడు భ్రమరాంబ ఏం చేసేదంటే, నోరెత్తేది కాదు, చీరెలు మూట కట్టేది, జాడీ చంకనెత్తుకునేది, సందు దాటి పుట్టింటికి పోయేది. "నా రాయికి మళ్లీ వంకర వచ్చింది, దాన్ని బాగుచేస్తేగానీ రాను" అనేది. ఇంకేముంది, బావకి రోషం, బావమరిదికి రోషం, ఆమె రాయి వంకర తీస్తామని ఇద్దరూ ఏడ్చుకుంటా మూడు రాళ్లూ రుద్దేవాళ్లు. రాళ్లు చదును కాగానే ఆమె తప్పు ఒప్పుకొని ఇంటికి వచ్చేది. చచ్చిందాకా కాళహస్తయ్య తన రాయికి గుంట పడిందని ఒప్పుకోలేదంట, కానీ ఆ చుట్టుపక్కల అంత చదునైన సానరాయి ఇంకోటి లేదంట.

ఏటిగట్టుపాలెంలో ఇప్పటికీ వడ్రంగుల ఇంట్లో కోడలు అలిగి మూట కట్టిందనుకో, అత్త బతిమాలదు, మామ అడ్డం పడడు. ఊళ్లో ఆడా మగా ఇళ్లలోకి పరిగెత్తి కొడవళ్లూ కత్తిపీటలూ వెతుక్కుంటారంట, రేపట్నుంచి మంచి పదును దొరికిద్దని. మరి ఆమె తప్పు ఒప్పుకోవడం న్యాయమా, ఆయన ఒప్పుకోకపోవడం న్యాయమా అని నన్ను అడగబాకండి. మా ఇంటామె ఆ తలుపు చాటునే ఉంది, వింటంది. మా ఇంట్లోనూ వంకర ఎప్పుడూ నాది కాదు. పదండి, పొద్దుపోయింది.